రత్న చేతి మెలిక

అరకులో జనవరి మంచు పొద్దెక్కినా లేవదు. మిషను హాస్టలు వెనక రేకుల షెడ్డులో గిటార్లు పట్టుకుని కూర్చున్నవాళ్ళకి పక్కవాడి మొహం మసగ్గా కనిపించేది, పక్కవాడి తీగ మాత్రం స్పష్టంగా వినిపించేది. ఏటా ఆ చలిలోనే వర్క్‌షాపు పెట్టేవారు రవిబాబు మాస్టారు. ఆయనది విజయనగరం. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో గిటారు వాయించేవారు. పుష్యమాసంలో ముహూర్తాలుండవు కాబట్టి ఆ నెల మంకీ క్యాపు పెట్టుకుని కిరండోల్ పాసింజరెక్కి కొండమీదకొచ్చేవారు.

వచ్చేవాళ్ళు రకరకాలు. చర్చిలో పాటలకి వాయించే కుర్రాళ్ళు, రైల్వే గాంగులో పనిచేసే సురేంద్ర, ఎస్.కోట కాలేజీ నుంచి ఇద్దరు ముగ్గురు. డుంబ్రిగుడ దాటి కొండెక్కితే వచ్చే ఊరి నుంచి సోంబరు. అతను కాఫీ నర్సరీలో మొక్కలకి మట్టిసంచులు నింపేవాడు. సోమవారం పుట్టాడని ఆ పేరు. మెడ విరిగితే జిగురుతో అతికించిన గిటారొకటి ఫాదరు అతనికిచ్చేశారు. అతుకు దగ్గర వేలు తగిలినప్పుడల్లా చిన్న గరుకు. ఆ గరుకుని బట్టే చీకట్లో కూడా తనదేదో గుర్తుపట్టేవాడు.

మాస్టారు పాఠం చెప్పే పద్ధతి ఒకటే. అందరూ గుండ్రంగా కూర్చోవాలి. ఒకరు రెండు ముక్కలు వాయిస్తే పక్కవాళ్ళు దాన్నందుకుని, తమ ముక్క కలిపి ఆ పక్కవాళ్ళకివ్వాలి. వరినారు మడిలో చేతికందించినట్టు. ఎవరి దగ్గరా ఆగకూడదు. సోంబరు ఎప్పుడూ రత్నకి ఎడమవైపు కూర్చునేవాడు. ఆ పిల్ల అందించినదే అందుకునేవాడు.

రత్నది గెడ్డ అవతలి ఊరు, కొండవాగుని అక్కడ గెడ్డంటారు. వరస కలిసే ఇంటిపేరు. హాస్టల్లో చదివినప్పుడు సిస్టరమ్మ నేర్పిన గిటారే, చదువయ్యాక బహుమతిగా ఆమె చేతికొచ్చింది. సోంబరు వేళ్ళు బాగానే నడిచేవి, శ్రుతి చేయడం మాత్రం అతనికి ఎంతకీ పట్టుబడలేదు. తీగ ఎక్కువ బిగిస్తున్నాడో తక్కువ బిగిస్తున్నాడో చెవికి తెలిసేది కాదు. మాస్టారు హార్మోనియం మీద ఒక మెట్టు నొక్కి పట్టుకుంటే, రత్న వరసలో అందరి దగ్గరికీ వెళ్ళి తీగలు సరిచేసేది. సోంబరు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆపుకోలేకపోయేది.

"ఏటి బావా, నీ గిటారు సంతకెళ్ళి జీలుగు కల్లు తాగొచ్చినట్టుంది."

షెడ్డంతా నవ్వేది. ఆ నవ్వులో అతని చెవులు ఎర్రబడేవి. ఆమె అతని గిటారు మెడ పట్టుకుని ఒక్కొక్క కీ తిప్పుతుంటే, మంచు లోపలెక్కడో ఎవరో తలుపు తీస్తున్నట్టుండేది. నేర్చుకోవాలని అతను పెద్దగా ప్రయత్నించలేదు. ఎప్పుడూ ఆమె చేస్తుందిలే అనుకున్నాడు.

తొంభై తొమ్మిది వానాకాలంలో కొండలకి జ్వరాలొచ్చాయి. ఒక శుక్రవారం సోంబరు అరకు సంతకొచ్చాడు. రత్న తల్లి చిన్నమ్మి అడ్డాకుల కట్టలు పరుచుకునే చోటు ఖాళీగా ఉంది. పక్కన పసుపు కొమ్ములమ్మే ఆవిడ అతని మొహం చూడకుండానే సంగతి చెప్పింది. రత్నని డోలీ కట్టి దించారంట. గెడ్డ పొంగి ఉందంట. నీళ్ళు తగ్గేదాకా ఒడ్డునే ఆగారంట. నీళ్ళు తగ్గేసరికి డోలీ బరువుగా తోచిందంట.

అతను ఆ ఖాళీ చోటు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. ఎవరో బేరమాడ్డానికొచ్చి, అడ్డాకులు లేవా అని అతన్నే అడిగారు.

వలిసెలు పూసి కొండలు పసుపుపచ్చగా మెరిసే రోజుల్లో గాని ఆ ఇంటికి వెళ్ళడానికి అతనికి కాళ్ళాడలేదు. వెళ్ళేటప్పుడు గిటారు వెంట తీసుకెళ్ళాడు. ఎందుకంటే చెప్పలేడు. చిన్నమ్మి అత్త గుమ్మంలో కూర్చుని చోళ్ళు చెరుగుతోంది. పొయ్యి దగ్గరి మట్టిగోడకి మేకు, మేకుకి రత్న గిటారు. చూడగానే అతని చెయ్యి అటు వెళ్ళింది.

"ముట్టుకోకు" అంది అత్త. "ఆ సెవులు అది మెలేసింది. ఆ మెలిక అలాగుండనీ."

తీగలు బిగించే కీలను ఆమె సెవులు అనేది. చివరిసారి వాటిని తిప్పింది కూతురి చెయ్యి. ఆ చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే ఇంకా ఉందని ఆమె నమ్మకం. కూతురి బట్టలు గెడ్డలో వదిలేసింది, పడుకున్న చాప కాల్చేసింది. తీగల్లో ఉన్న బిగువును మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

సోంబరు గుమ్మం పక్కన కూలబడి తన గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు. రత్న పోయాక దానికి శ్రుతి చేసినవాళ్ళు లేరు. లావు తీగ మీటి కీ కొంచెం తిప్పాడు. మళ్ళీ మీటి మళ్ళీ తిప్పాడు. ఎటు పోతున్నాడో అతనికే తెలియదు. అలా గుడ్డిగా తిప్పుతుండగా ఒకచోట, లోపల గోడ మీద, ఎవరూ ముట్టుకోని గిటారు సన్నగా మూలిగింది.

అత్త చేతిలో చేట ఆగిపోయింది.

ఒక తీగ పలికితే, దూరాన అదే బిగువులో ఉన్న తీగ తనంతట తానే కదులుతుందని మాస్టారు ఒకసారి చెప్పారు. సోంబరుకి ఆ మాట గుర్తుంది. గుర్తున్నా గుమ్మంలోంచి లోపలికి తొంగి చూశాడు. రెండో తీగ తిప్పాడు, మూడోది తిప్పాడు. సరైన చోటికి రాగానే గోడ మీద నుంచి జవాబొచ్చింది. ఆరు తీగలూ అలాగే దొరికాయి. బతికుండగా రత్న అతని గిటారు తనే తీసుకుని తిప్పింది. ఇప్పుడు అతని చేతనే తిప్పిస్తోంది.

"మళ్ళీ రా" అంది అత్త. అడ్డాకులో ఉడికిన కందదుంప పెట్టింది.

అప్పటినుంచి సోంబరు నర్సరీకి సెలవు దొరికినప్పుడల్లా గెడ్డ దాటేవాడు. గోడ పలికేదాకా తీగలు తిప్పేవాడు. తర్వాత కాసేపు వాయించేవాడు. ఒక ముక్క వాయించి ఆగేవాడు, ఎడమవైపు కూర్చున్నవాడు ఆగినట్టు.

ఇనుపతీగ అక్కడ అలా ఉండిపోదు. పొయ్యి పొగ, వానాకాలపు చెమ్మ, ఎండల వేడి దాన్ని లాగుతూ వదులుతూ ఉంటాయి. ఒక్కో ఋతువు గడిచేకొద్దీ రత్న గిటారు కొద్దికొద్దిగా కిందికి జారింది. ఆరు తీగలూ ఒకేలా కూడా జారలేదు, ఒక్కోటీ ఒక్కో దారి పట్టింది. సోంబరు తన తీగలూ వదులు చేసుకుంటూ వెనకాలే దిగాడు. ఆ శ్రుతిలో తెలిసిన పాటకి తెలిసిన వేళ్ళు పనికిరాలేదు. కొత్తచోట్లు వెతుక్కున్నాడు. ఒక్కోసారి వేళ్ళు ఎక్కడో పడితే, ఎవరూ నేర్పని స్వరం ఒకటి లోయలోంచి మంచు లేచినట్టు లేచేది.

"దూరంగా ఎల్లిపోతంది కావాల" అని ఒకరోజు అత్త అంది. వినడానికి మామూలుగానే అంది.

వర్క్‌షాపులో చిక్కొచ్చింది. మొదటి ఏడు, కొంచెం దిగింది, సరిచేసుకో అన్నారు మాస్టారు. తలూపాడు గాని చేసుకోలేదు. ఆ తర్వాతి ఏళ్ళలో అతని వంతు రాగానే వలయం తెగిపోయేది. అతను ఇచ్చింది పక్కవాడు అందుకోలేడు, పక్కవాడి పాట అతనిలో ఇమడదు. సురేంద్ర మాత్రం భోజనాల వేళ పక్కన చేరి, ఇదేం శ్రుతిరా, వింటుంటే సొరంగంలో పట్టాల మీద చెవి పెట్టినట్టుంది, ఎక్కడ నేర్చుకున్నావు అని అడిగాడు. గెడ్డ అవతల అన్నాడు సోంబరు. ఆ సమాధానం సురేంద్రకి అర్థమైందో లేదో గాని మరి అడగలేదు. నెమ్మదిగా సోంబరుకి షెడ్డు గోడకి జారబడి కూర్చోవడం, వినడం, వాయించకపోవడం అలవాటైంది. ఎడమవైపు చోటు వేరేవాళ్ళు తీసుకున్నారు.

రెండువేల నాలుగులో ఆఖరిరోజు ఊరి జనం ముందు అందరూ కలిసి వాయించాలని మాస్టారు అనుకున్నారు. ముందురోజు పొద్దున హార్మోనియం నొక్కి పట్టుకుని తనే వరసలో తిరుగుతూ అందరి తీగలూ సరిచేశారు. సోంబరు దగ్గరికొచ్చి కీ మీద చెయ్యి వేయబోతే, అతను గిటారుని గుండెకి లాక్కుని రెండు చేతులతో దాని తల కప్పేశాడు. కాలేజీవాళ్ళలో ఒకడు కిసుక్కున నవ్వి, అంతలోనే ఆపుకున్నాడు.

మాస్టారు గొంతుక్కూర్చున్నారు. సంగతి ఆయనకి తెలుసు. కొండమీద ఏ సంగతీ దాగదు.

"రత్న నాకూ శిష్యురాలేరా" అన్నారు తగ్గుగొంతుతో. "దాంతో శ్రుతి కలిపి వాయిస్తానంటే అక్కడే వాయించు. మాతో వాయిస్తానంటే మాతో కలుపు. రెండూ కావాలంటే నీ దగ్గరున్నవి ఆరు తీగలే."

సోంబరు లేచి గిటారు భుజానేసుకుని బయటికి నడిచాడు. తీగలు పైకి బిగిస్తే గోడ మళ్ళీ పలకదు. బిగించకపోతే ఈ షెడ్డు ఇక తనది కాదు. ఈ రెండే ఆలోచనలు జీపులో కూర్చున్నంతసేపూ తిరిగాయి. జీపు దిగి గెడ్డ దాటేసరికి మధ్యాహ్నమైంది.

అత్త పొయ్యి మీద అంబలి కలుపుతోంది. అతను ఎప్పటిలాగే గుమ్మంలో కూర్చుని లావు తీగ మీటాడు. ఎప్పుడూ ముందు పలికేది అదే. గోడ పలకలేదు. మిగతా తీగలు మీటాడు. పలకలేదు. ఇంకా కిందికెళ్ళిందేమోనని లావు తీగ వదులు చేశాడు. మీటాడు, విన్నాడు. ఇంకొంచెం వదులు చేశాడు. వెనకాలే దిగుతున్నాడు, దిగుతున్నాడు. చివరికి తీగ కర్రకి తగిలి ఎండిన అడ్డాకులా గలగలమంది. ఇంక అంతకన్నా కిందికి శబ్దం లేదు. అక్కడ కూడా రత్న లేదు.

అతను తలెత్తి చూశాడు. అత్త అంతా వింది. గరిట పక్కన పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ గిటారుని మేకు నుంచి దించింది. తీగలు గోధుమరంగు తిరిగాయి. కర్ర పొగకి నల్లబడింది. మసి తుడిచి అతని ఒళ్ళో పెట్టింది.

"దాని సెయ్యి ఒగ్గేసింది" అంది. "ఇంక నువ్వు తిప్పు, అల్లుడా."

ఆ పిలుపు రత్న బతికుండగా ఆమె నోట ఎప్పుడూ రాలేదు.

కీ మీద వేలు పెట్టడానికి సోంబరుకి చాలాసేపు పట్టింది. తిప్పితే ఆ మెలిక పోతుంది, మళ్ళీ రాదు. కళ్ళు మూసుకుని తిప్పాడు. తుప్పు కిర్రుమంది. రెండు తీగలు అక్కడికక్కడే తెగాయి. వర్క్‌షాపు కోసం సంచిలో పెట్టుకున్న కొత్త తీగలు వాటి స్థానంలో వేశాడు. తెగిన వాటిని అత్త చిన్న చుట్టలుగా చుట్టి కొప్పులో దోపుకుంది. పైకి బిగిస్తూ బిగిస్తూ ఒకచోట అతను ఆగాడు. ఎందుకాగాడో తర్వాత తెలిసింది. ఆ తీగ సరిపోయింది. గోడ చెప్పలేదు, హార్మోనియం చెప్పలేదు. ఇన్నేళ్ళూ జవాబు కోసం చెవులు రిక్కించి కూర్చోబెట్టి, ఆ చెవినే రత్న తయారుచేసిపెట్టింది.

వెళ్ళబోతూ చూస్తే అత్త ఖాళీ మేకు వైపు చూస్తోంది. అతుకు మెడ గిటారుని సోంబరు ఆ మేకుకి తగిలించాడు. లావు తీగ వదులుగా వేలాడుతోంది. మిగతా ఐదూ రత్న ఆఖరిసారి పలికిన చోటే ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు.

మర్నాడు వలయంలో అతని పాత చోటు అతనికి వదిలేశారు. మాస్టారు నల్లబడిన గిటారుని చూసి తల దించుకుని హార్మోనియం నొక్కారు. గిటారు అప్పటికే దాంతో కలిసుంది. సోంబరు వంతొచ్చింది, అందుకున్నాడు, పక్కవాడికిచ్చాడు. వలయం తెగలేదు. జనం చప్పట్లు కొట్టారు. మిగిలినవాళ్ళు నవ్వుతుంటే అతనికి మాత్రం వేరేవాళ్ళ చొక్కా తొడుక్కుని జనంలో నిలబడ్డట్టుంది. చొక్కా ఒంటికి సరిపోవడమే భయంగా ఉంది.

తర్వాతి ఏళ్ళలో షెడ్డులో శ్రుతులు చేసే పని అతనిదైంది. చింతపల్లి నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడి గిటారు తిప్పుతూ, ఏటి, నీ గిటారు జీలుగు కల్లు తాగొచ్చిందా అన్నాడు. అందరూ నవ్వారు. సురేంద్ర ఒక్కడే నవ్వలేదు. సోంబరు తన నోరు తనే ముట్టుకుని చూసుకున్నాడు.

ఇప్పటికీ గెడ్డ దాటి వెళ్తాడు. రత్న గిటారు తీసుకెళ్ళి గుమ్మంలో వాయిస్తాడు. గోడ మీది గిటారు ఊరికే ఉంటుంది. ఎప్పుడో, ఏ పాట మధ్యనో, తను అనుకోని ఒక స్వరం దగ్గర అందులో ఒక తీగ మూలుగుతుంది. అత్త చేట ఆపుతుంది.

"ఏటంటంది?"

"అది నా గిటారే అత్తా."

"తెలుసురా. ఏటంటందో సెప్పు."