కామరూపుల విందులో మా రాజు

మధ్యాహ్నం భోజనాల వేళ మా స్టాఫ్ గదిలో ఎవరో స్టీలు డబ్బాలోకి వేయించిన వేరుశనగ గింజలు పోశారు. ఆ గలగల వినగానే ముద్ద చేతిలోనే ఆగిపోయింది. ఓబులేసు సారు పాచికలను గ్లాసులో వేసి ఆడిస్తే అచ్చం ఇదే చప్పుడు వచ్చేది. బల్ల మీదికి దొర్లించి, పడిన అంకె ఎంత చెడ్డదైనా నవ్వుముఖంతో "పడినాది నీదే, ఏడ్చేదీ నీదే" అనేవారు. ఇప్పుడు ఆయన లేరు. ఆయన్ను చూడనివాళ్ళకు ఆయన ఎలాంటివారో చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆయన అనంతపురంలో, నేనిప్పుడు పాఠాలు చెబుతున్న ఈ ప్రైవేటు బడిలోనే, డ్రాయింగు మాస్టరు. ఆదివారం మధ్యాహ్నాలు మేడమీది డ్రాయింగు గదిలో మాతో ఒక ఆట ఆడించేవారు. బెంగుళూరులో చదివిన పాత శిష్యుడొకడు ఆయనకు నేర్పిన ఆట అది. బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్రను పట్టుకుని, ఆ పాత్ర ఏం చేస్తుందో ఏం మాట్లాడుతుందో మనమే చెప్పాలి. మిగతా లోకమంతా, అంటే అడవులు, రాక్షసులు, సత్రాల్లో గొణిగే ముసలమ్మలు, అన్నీ ఆయన నోట పుట్టేవి. తెగని చోట పాచికలు తేల్చేవి. గొంతు పెద్దగా మార్చేవారు కాదు. మెడ కాస్త తిప్పితే చాలు, ఎదురుగా మరో మనిషి కూర్చున్నట్టుండేది.

నన్ను పిలిచినప్పుడు, ఆడితే రాజుగానే ఆడతానని చెప్పాను. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. "కానీ దొరా. రాజు లేకుంటే జనాలు ఎవుర్ని తిట్టుకోవాల?"

ఆయన నన్ను దొరా అనడంలో ఎగతాళి సగం, నిజం సగం. మాది సోమందేపల్లె దగ్గర ఒకప్పటి పాళెగాళ్ళ ఇల్లు. కోట రాళ్ళు ఊళ్ళో పశువుల కొట్టాలకు గోడలయ్యాయి. బోర్లు ఒకదాని వెంట ఒకటి ఎండిపోయి, చేలు చేతులు మారాయి. నాయన పోయాక అమ్మా నేనూ అనంతపురంలో అద్దె ఇంటికి చేరాం. మా ఇంట్లో ఇవ్వడం ఉండేది, అడగడం లేదు. ఇవ్వడానికి ఏమీ మిగలని రోజుల్లో కూడా అడగకపోవడం మిగిలింది. దాన్ని నేను లోపమనుకోలేదు. ఇప్పటికీ పూర్తిగా అనుకోను.

ఆ రోజుల్లో నాకు పని లేదు. చదువుకు తగ్గ పని కోసం చూస్తూ కూర్చున్నాను. అమ్మ వీధి తలుపు వేసుకుని, కిటికీ రెక్క సందులోంచి పడే వెలుతురులో, ధర్మవరం పట్టుచీరల కొంగులకు కుచ్చులు కట్టేది. ఇంతలో బడిలో సోషల్ టీచరు పని ఖాళీ అయింది. బడి యజమాని నారాయణప్పగారు. వాళ్ళ తాత మా తాతల దగ్గర చేల కావలి చూసినవాడు.

"పోయి నోరు తెరిచి అడుగు దొరా. సోమవారం దాటితే ఇంకొకర్ని తీసుకుంటాడంట" అన్నారు సారు.

"మీరే ఒక మాట చెప్పకూడదా?"

"నేను చెప్తే నా మనిషివని ఇస్తాడు. నువ్వడిగితే నీ చదువుకిస్తాడు. యాది కావాలో చూసుకో."

నేను వెళ్ళలేదు. వారమంతా వెళ్ళలేదు. ఆదివారం మాత్రం ఆటకు వెళ్ళాను.

ఆ రోజు ఆయన పెట్టింది కామరూపుల విందు. కోరిన రూపం దాల్చగల రాణి ఒకతె మమ్మల్ని కొలువుకు పిలిచింది. గుమ్మం దగ్గర ప్రతి అతిథీ తన ముఖం వదిలి మరొకరి ముఖం తొడుక్కోవాలి. దానితో ఒళ్ళూ గొంతూ మారిపోతాయి. ఆ ముఖం గలవారు ఎలా నడుచుకుంటారో అలాగే నడుచుకోవాలి. తేడా వచ్చిందని రాణి కనిపెడితే ఆ ముఖం ఆమెదైపోతుంది, ఆ పాత్ర ఆటలోంచి శాశ్వతంగా పోతుంది. అంటే ఒకరి పాత్రను మరొకరు ఆడాలి. మేము నలుగురం. టైర్ల అంగడి అన్నదమ్ములు సుధాకర్, మురళి ఒకరి ముఖం ఒకరు తీసుకున్నారు. మందుల షాపులో పనిచేసే షబానాకు మా రాజు వచ్చాడు. నాకు ఆమె ఆడే వైద్యురాలు నూర్ వచ్చింది.

షబానా వెన్ను నిటారుగా పెట్టి, కుర్చీని బల్లకు జానెడు దూరం జరిపి కూర్చుంది. సేవకుడు పానకం పట్టుకొస్తే చెయ్యి చాపలేదు. ముందర పెట్టేదాకా గోడవైపు చూసింది. పెట్టినవాడికి ఒక్క మాట చెప్పలేదు.

సుధాకర్ పగలబడి నవ్వాడు. "ఏం పాపా, అన్నను మింగేసినావా ఏంది? అచ్చు అట్లే కూసున్నావు."

నాకు చెవులు వేడెక్కాయి. లేచి వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఆమె నవ్వడం లేదు. చెమట తుడుచుకోవడానికి కూడా ముందు నావైపు చూసి, రాజు తుడుచుకుంటాడా అని ఆలోచించి, మానేసింది. రెండేళ్ళుగా నేను పెంచుకున్న రాజు తన చేతిలో పోకూడదని ఆమె పట్టుదల. లేవలేకపోయాను.

సారు మెడ తిప్పి రాణి అయ్యారు. "రాజా, నువ్వు తాగిన పానకంలో విషముండాది. దీపాలు పెట్టేలోగా విరుగుడు తాగాల. విరుగుడు ఈ కొలువులోనే ఒకరి సంచిలో ఉండాది."

ఆ సంచి నూర్‌ది, అంటే నా చేతిలో ఉంది. కానీ నూర్‌కు మొదటినుంచీ ఒక నియమం ఉంది. అడగనిదే ఎవరికీ మందివ్వదు. షబానాయే పెట్టిన నియమం అది. అడగనివాళ్ళకిస్తే మందు కూడా విషమంటారని షాపులో తెలుసుకున్నానని చెప్పేది. నేను ఆ నియమం తప్పితే నూర్ ముఖం పోతుంది.

"సార్, రాజు అడిగితే ఇది దొంగముఖమని రాణి పట్టేస్తాది. అడక్కుంటే సస్తాడు. నేనేం చేయాల?" అంది షబానా.

"పాత్ర ఎవురిదో వాళ్ళ మాటే ఆఖరు. ఆయప్పనే అడుగు."

ఆమె నావైపు తిరిగింది. "అన్నా, నీ రాజు అడుగుతాడా?"

"అడగడు" అన్నాను. నిజమే చెప్పాను.

"అయితే పోయినాడు పాపం" అన్నాడు సుధాకర్, ఈసారి నవ్వకుండా.

సారు ఆట ముందుకు నడపలేదు. కింద రోడ్డు మీద నీళ్ళ ట్యాంకరు హారను కొడుతోంది. మందు నా దగ్గరే ఉంది. నా రాజు నా ఎదురుగానే, నా భంగిమలోనే కూర్చుని, నోరు మూసుకుని చస్తున్నాడు. అడిగితే ఇచ్చేస్తాను కదా అనిపించింది. ఒక్క మాట అడిగితే, ఎంత సంతోషంగా ఇస్తానో.

"ఈరోజు అడుగుతాడు" అన్నాను.

"ఇంతవరకూ యాడన్నా అడిగినాడా?"

"లేదు సార్."

"మరి రాణి యాల నమ్మాల? నీ ముఖం నువ్వు తీసుకో. సంచి ఆ పాపకియ్యి. నీ నోటితో అడుగు, నమ్ముతాదేమో చూద్దాం."

సంచి షబానా ముందుకు జరిపాను. ఉత్త ఆట, నలుగురు తెలిసినవాళ్ళు, అయినా మాట రాలేదు. సారు కాచుకున్నారు. ఆ మాట ఎవరూ అందివ్వకుండా చూశారు. మురళి ఏదో అనబోతే చేత్తో ఆపారు. చివరికి, "నూర్, నాకు ఆ మందు కావాలి. ఇస్తావా?" అన్నాను.

"ఇస్తాన్లే, దానికేముండాది" అంది షబానా.

సారు చాలాసేపు నా ముఖం చూశారు. "ఇది అసలు ముఖమే" అంది రాణి.

మెట్లు దిగుతూ ఆయన తన నాయన గురించి చెప్పారు. ఆయన పగటివేషాలవాడట. ఊరికి పోయి రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరిగి, ఆఖరి రోజు మాత్రం ఏ వేషమూ లేకుండా వచ్చి, ఇచ్చింది పుచ్చుకుపోయేవాడట. "ఆ దినం పూసుకునేదానికి రంగే లేదు గదా. అయినా మా నాయన ఆ దినమే అద్దం ముందర ఎక్కువసేపు కూసునేటోడు" అన్నారు.

మరునాడు పొద్దున్నే నారాయణప్పగారింటికి వెళ్ళాను. నన్ను చూసి ఆయన కుర్చీలోంచి లేచారు. "మీరొచ్చినారేం దొరా, కబురు పెడితే నేనే వస్తును గదా" అన్నారు.

"మీరు కూర్చోండి. అడగడానికి వచ్చింది నేను" అన్నాను. నిలబడే అడిగాను. వెన్ను వంచలేదు, వంచాలని ఆయనా అనుకోలేదు. ఏయే తరగతులకు చెప్పగలరని అడిగారు, చెప్పాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. ఆమె కుచ్చుల చీర తీసుకుని, వీధి తలుపు బార్లా తీసి, గడప దగ్గర వెలుతురులో కూర్చుంది.

ఇప్పుడు నా దగ్గరికీ పిల్లలు వస్తుంటారు. స్టాఫ్ గది గుమ్మంలో నిలబడి, కావలసింది చెప్పలేక చొక్కా అంచు నలుపుతుంటారు. ఏం కావాలో నాకు తెలిసినా ఆ మాట నేను అందివ్వను. పక్కవాళ్ళు అందివ్వబోతే చేత్తో ఆపుతాను. పెన్ను బల్ల మీద పెట్టేసి, ఆ పిల్లవాడి ముఖంవైపు చూస్తూ కాచుకుంటాను.