ఎర్ర చుక్కల కాగితం

నా కింది ముందుపళ్ళలో ఒకటి కదలడం మొదలుపెట్టింది రెండేళ్ళ కిందట, ఇంకో రెండు రోజుల్లో కార్తీకమాసం వస్తుందనగా. నాలుకతో తోస్తే అటూ ఇటూ ఊగేది. అప్పటికి నాకు యాభై తొమ్మిదేళ్ళు. ఆ వయసులో పన్ను కదలడం వింతేమీ కాదు. మా వీధిలో నా ఈడు వాళ్ళలో చాలామందికి ముందుపళ్ళు లేవు. వాళ్ళెవరూ బెంగపడలేదు. నేను పడ్డాను. దానికి కారణం ఉంది.

మాది పామర్రు దగ్గర నేతపని చేసుకునేవాళ్ళ ఊరు. కార్తీకంలో మా వీధి ఆడవాళ్ళం రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఇంటి వసారాలో చేరతాం. ఆ నెలంతా రోజుకో అధ్యాయం చొప్పున చదివే పుస్తకం ఒకటుంది. ఒకరు చదివితే మిగతా అందరం వింటాం. కాపురానికి వచ్చినప్పటి నుంచీ నేను వినేవాళ్ళలోనే కూర్చున్నాను. చదివేది పక్కింటి పెద్దావిడ. యాభై అయిదో ఏట నేను పొదుపు సంఘం వాళ్ళు స్కూలు వరండాలో పెట్టిన సాయంత్రం క్లాసుకు వెళ్ళి అక్షరాలు నేర్చుకున్నాను. ఆ ఏడు పెద్దావిడకు కళ్ళు మసకబారాయి. పుస్తకం తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "ఇంక నువ్వు చదవవే, నేను వింటాను" అన్నది.

ముప్పై అధ్యాయాలు. మధ్యలో పన్ను ఊడిపోతే గాలి పోయే నోటితో ఏం చదవను? అదీ నా బెంగ.

మా తోడికోడలు నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. మగ్గం పక్కన చెరొక రాట్నం వేసుకుని ఇద్దరం నూలు కండెలు చుడతాం. దానికి చెబితే నవ్వింది.

"పీకించెయ్యక్కా, దాని పీడా పోద్ది."

"పీకిస్తే ఎలా చదవనే?"

"ఈల వేసుకుంటా చదువు. కథతో పాటు పాట కూడా విన్నట్టుంటది మాకు."

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, బెంజి సర్కిల్ దగ్గర దిగి, పటమటలో ఒక పళ్ళ ఆసుపత్రికి వెళ్ళాను. డాక్టరు చిన్నపిల్ల. నోట్లోకి లైటు తిప్పి చూసి మొదట అడిగిన మాట, "దారం పళ్ళతో తెంపుతారా అమ్మా?"

"నీకెలా తెలిసింది తల్లీ?"

"పై పన్ను అంచుకి గాడి పడిందండీ."

ఇన్నేళ్ళుగా అద్దంలో చూసుకుంటూ నేను గమనించని సంగతి అది.

తర్వాత ఆమె దూదితో నా పళ్ళకు ఏదో రంగు నీళ్ళు పూసి, పుక్కిలించమని, అద్దం చేతికిచ్చింది. నోరంతా తాంబూలం నమిలినట్టు ఎర్రగా ఉంది. నెత్తురనుకుని అదిరిపడ్డాను.

"నెత్తురు కాదమ్మా. రంగు ఎక్కడ పట్టుకుందో అక్కడ పాచి ఉన్నట్టు."

పాచి అంటే పొద్దున్న లేవగానే ఉండేది, ఒకసారి కడుక్కుంటే పోయేది అనే నేను అనుకునేదాన్ని. తోముకున్న పళ్ళకు కూడా ఇంత పాచి ఉంటుందని తెలియదు. ఆమె ఒక్కో పన్నూ చూసి ఒక్కో అంకె చెబుతుంటే పక్కనున్న నర్సమ్మ రాసుకుంది. ఏమీ లేకపోతే సున్నా. సూదితో గీస్తేగానీ కనపడకపోతే ఒకటి. కంటికే కనపడితే రెండు. మందంగా పేరుకుపోతే మూడు. నా కింది ముందుపళ్ళ దగ్గరికి వచ్చేసరికి మూడు, మూడు, మూడు అంటూ పోయింది. తర్వాత మొండి సూది ఒకటి తీసి చిగుళ్ళ అంచు వెంబడి మెల్లగా నడిపించి, కాసేపు ఆగి చూసింది. ఎక్కడ నెత్తురు చెమర్చితే అక్కడ "ఉంది" అన్నది, చెమర్చకపోతే "లేదు" అన్నది. ఉన్నవే ఎక్కువ.

ఆ రోజే పళ్ళకు పట్టిన గార తీసేసింది. గార తీయిస్తే పళ్ళు వదులవుతాయని మా ఊళ్ళో అందరికీ భయం. నేనూ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాను.

"ఈ కదిలే పన్ను సంగతి ఇవాళ చెప్పనమ్మా," అన్నది చివర్లో. "మీరు బాగా తోముకోవాలి. రెండు వారాల్లో చిగుళ్ళు గట్టిపడి నెత్తురు ఆగితే పక్క పళ్ళతో కలిపి కట్టి నిలబెడతాను. ఆగకపోతే తీసెయ్యడమే."

బ్రష్షు చిగురు అంచుకు ఏటవాలుగా ఆనించి ఎలా తోమాలో చూపించింది. పొద్దునా, పడుకునే ముందూ తోమమన్నది. రెండు వరసల పళ్ళూ బొమ్మ వేసి ఉన్న కాగితాలు కొన్ని తీసి, "చదవడం రాయడం వచ్చా అమ్మా?" అని అడిగింది.

"వచ్చు" అన్నాను. ఆ మాట అనడం నాకింకా కొత్తగానే ఉండేది.

"అయితే రోజుకో కాగితం. పైన వారం పేరు రాయండి. తోముకునేటప్పుడు ఏ పన్ను దగ్గర నెత్తురు వస్తే అక్కడ ఎర్ర చుక్క పెట్టండి."

నన్ను నమ్మి ఒకరు రాసుకు రమ్మన్న మొదటి కాగితాలు అవే. మడత పడకుండా తెచ్చి పుస్తకంలో పెట్టుకున్నాను.

కార్తీకం మొదటిరోజు తెల్లవారుజామున ఆమె చెప్పినట్టే తోముకున్నాను. ఉమ్మితే ఎర్రగా పడింది. కుళాయి దగ్గర అలాగే నిలబడిపోయాను. మా అత్తగారు పెట్టి పోయిన నియమం ఒకటి మా ఇంట్లో ఉంది. ఒంట్లోంచి నెత్తురు వస్తే, కత్తిపీటకు వేలు తెగినా సరే, ఆ పూట దీపం ముట్టుకోకూడదు. పాచినోటితోనూ ముట్టుకోకూడదు. ఆ రోజు తులసికోట దగ్గర దీపం మా తోడికోడలు పెట్టింది. నేను కాగితం మీద ఎర్ర చుక్కలు పెట్టుకున్నాను.

రెండో రోజు నుంచి వేలితో తోముకున్నాను. చిగుళ్ళ జోలికి పోకుండా, పైపైన పేస్టు రాసి పుక్కిలించేదాన్ని. నెత్తురు రాలేదు. దీపం నేనే పెట్టాను. రాత్రికి పాలూ పండే కదా, దానికి మళ్ళీ తోమడం ఎందుకులే అని అదీ మానేశాను. నెత్తురు రాలేదు కాబట్టి చుక్క పెట్టలేదు. పైన వారం పేరు గుండ్రంగా రాసి, కింద పళ్ళన్నీ తెల్లగా వదిలేసి, బాగవుతోందని సంబరపడ్డాను. మధ్యాహ్నాలు కథ సాగుతూనే ఉంది. "స్వామి" అన్నప్పుడల్లా నాలుక వెళ్ళి ఆ పన్నుకు తగిలేది.

రెండు వారాలకు మళ్ళీ పటమట వెళ్ళాను. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "మొదటి రోజు తప్ప చుక్కే లేదే, భలే!" అన్నది. నాకు సంతోషంతో మొహం వేడెక్కింది. తర్వాత రంగు పూసింది. అద్దంలో మళ్ళీ అదే తాంబూలం. మూడు, రెండు, మూడు. సూది నడిపితే ఉంది, ఉంది, ఉంది.

ఆమె కాగితాల వైపు చూసి, నా వైపు చూసింది.

"ఇవి మీరే రాశారా అమ్మా?"

"నేనే రాశాను తల్లీ. అబద్ధం మాత్రం రాయలేదు." దీపం సంగతీ, వేలి సంగతీ అంతా చెప్పేశాను. నర్సమ్మ మొహం పక్కకు తిప్పుకుని నవ్వింది. డాక్టరమ్మ నవ్వలేదు.

"నెత్తురు తెప్పించేది బ్రష్షు కాదమ్మా, పాచి. మీరు ముట్టుకోకుండా వదిలేసిన చోటే అది కూర్చుంటుంది. పైకి నెత్తురు కనపడదు, లోపల చిగురు ఇంకా మెత్తబడుతుంది."

"మరి దీపమో?"

"అది నాకు తెలియదండీ. మా నాయనమ్మ కూడా ఇలాగే అంటుంది. పది రోజులు సరిగ్గా తోమితే నెత్తురు తగ్గిపోతుంది. ఆ పది రోజులు దీపం ఎలాగన్నది మీరే తేల్చుకోవాలి. ఈసారి కూడా ఇలాగే ఉంటే మాత్రం పన్ను ఉంచలేను."

బస్సులో కంకిపాడు దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. కార్తీకంలో దీపం పెట్టకుండా పది రోజులు! పోనీ దీపమే పెట్టుకుని పుస్తకం ఇంకొకరికి ఇచ్చేద్దామంటే, మా వసారాలో చదివేవాళ్ళు ఇంకొకరు లేరు.

మా తోడికోడలు రాట్నం ఆపకుండానే తీర్పు చెప్పింది. "దీపం నేను పెడతా. అది నాకూ వచ్చు. చదవడం నాకు రాదుగా. నిన్న కథలో ఆ బ్రాహ్మణుణ్ణి అడివిలో వదిలేసి ఆపావు, ఆయన సంగతేంటి?"

"నెత్తురు నోటితో దీపం పెట్టకూడదన్నప్పుడు, పుస్తకం మాత్రం చదవొచ్చంటావే?"

రాట్నం ఆగింది.

"అత్తగారు దీపం సంగతే చెప్పిందక్కా. పుస్తకం సంగతి చెప్పలేదు. కోడలు చదువుద్దని ఆవిడ మాత్రం కలగందా?"

ఆ పది రోజులూ రెండుపూటలా తోముకున్నాను. మొదటిరోజు కాగితం చూస్తే జాకెట్టు గుడ్డకు చుక్కల అద్దకం వేసినట్టుంది. అన్ని చుక్కలు పెడుతుంటే చెయ్యి రాలేదు, అయినా పెట్టాను. తెల్లవారుజామున మా తోడికోడలు వత్తులు వెలిగిస్తుంటే వెనక చేతులు కట్టుకుని నిలబడేదాన్ని. తేలిగ్గా అనిపించిందని చెప్పను. చేతులు ఊరికే ఉండలేక కొంగు సర్దుకునేవి. నాలుగో రోజుకు చుక్కలు సగానికి తగ్గాయి. ఎనిమిదో రోజుకు మూడే. పదో రోజున కదిలే పన్ను వెనక ఒక్కటి మిగిలింది.

మళ్ళీ పటమట వెళితే, ఈసారి రంగు అక్కడక్కడా లోపలివైపే పట్టుకుంది. సున్నా, సున్నా, ఒకటి, సున్నా. నర్సమ్మ రాస్తూ కళ్ళెత్తి చూసింది. సూది నడిపితే మూడు చోట్ల "ఉంది". డాక్టరమ్మ కదిలే పన్నును వేలితో అటూ ఇటూ తోసి చూసింది. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను.

"కడదామమ్మా," అన్నది.

పోగంత సన్నటి తీగ తీసి ఒక పన్ను ముందు నుంచి, ఇంకో పన్ను వెనక నుంచి పోనిచ్చి, తిప్పి తెచ్చి బిగించింది. కళ్ళు మూసుకున్నా తీగ ఎటు పోతోందో నాకు తెలుస్తూనే ఉంది. ఆ పని నా పనికి దూరపు చుట్టం.

"ఎన్నాళ్ళు నిలుస్తుంది తల్లీ?"

"మీరు తోమినన్నాళ్ళూ నిలుస్తుందని ఆశ. ఇక దారం మాత్రం కత్తెరతోనే."

మాసం ఆఖరిరోజు తెల్లవారుజామున తోముకుని, అరచేతిలోకి ఉమ్మి చూసుకున్నాను. తీగ కొస గుచ్చుకున్న చోట కాబోలు, నూలుపోగంత ఎరుపు. మా తోడికోడలు అగ్గిపెట్టె పట్టుకుని తులసికోట దగ్గర ఎదురుచూస్తోంది.

"ఏమైందక్కా?"

"ఒక్క చుక్క."

"ఒక్కటేగా? నేను చూళ్ళేదులే, పెట్టెయ్." అగ్గిపెట్టె నా వైపు చాపింది.

ఒక్క క్షణం చెయ్యి ముందుకు పోయింది. మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. "నువ్వే పెట్టవే," అని లోపలికి వెళ్ళి, ఆ రోజు కాగితం మీద ఆ ఒక్క చుక్కా పెట్టి వచ్చి, దీపానికి దండం పెట్టుకున్నాను.

మధ్యాహ్నం వసారా నిండిపోయింది. ముప్పయ్యో అధ్యాయం పెద్దది. తీగ నాలుకకు గరగరా తగులుతోంది, అయినా గాలి పోలేదు. చివరి మాట చదివి పుస్తకం మూశాను. పక్కింటి పెద్దావిడ కళ్ళు మూసుకునే, "ఆ ఆఖరి పేజీ ఇంకోసారి చదవవే" అన్నది.

పుస్తకం తెరిచి మళ్ళీ చదివాను.