ఫ్యాక్టరీ బోర్డు చెరిపిన వీడియో

నేను రిటైరవడానికి ముందటి మామిడి సీజను అది. జూన్ నెల, సీజను మధ్యకు వచ్చింది. పూతలపట్టు దాటి చిత్తూరు వైపు వెళ్ళే రోడ్డు మీద ఉన్న ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో నేను క్వాలిటీ మేనేజరుగా ఉన్నాను. ఆ ఫ్యాక్టరీ పేరు ఇక్కడ రాయను. మనుషుల పేర్లు కూడా మార్చాను. జరిగింది మాత్రం మార్చలేదు.

గుజ్జు ఫ్యాక్టరీ ఎలా నడుస్తుందో కొంచెం చెప్పాలి, లేకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. తోతాపురి కాయ మాకు ముదిరిన పచ్చికాయగా వస్తుంది. ర్యాంపు దగ్గర ట్రాక్టరు నుంచి దించేటప్పుడే నా మనుషులు చూసి లేతకాయను, రాలి దెబ్బతిన్న కాయను వెనక్కి ఇచ్చేస్తారు. మిగిలినదాన్ని క్రేట్లలో పోసి గదుల్లో మాగబెడతాం. మాగిన కాయను కడిగి బెల్టు మీదికి ఎక్కిస్తాం. బెల్టుకు రెండు వైపులా ఆడవాళ్ళు నిలబడి కుళ్ళినదీ మచ్చపడినదీ ఏరి కింద ఉన్న బుట్టల్లో వేస్తారు. ఆ బుట్ట నిండగానే వెనక తలుపు గుండా పెరట్లోకి తీసుకుపోయి చెత్త ట్రాలీలో పొయ్యాలి. గుజ్జు తీసే యంత్రం ఉన్న వైపుకు ఆ బుట్ట ఎప్పుడూ రాకూడదు. పెరట్లో నేలమీద ఒక్క కాయ పడినా వెంటనే ఏరెయ్యాలి. ఈగలు ముసురుతాయి, ఈగలు ముసిరిన చోట ఫ్యాక్టరీకి లైసెన్సు నిలవదు.

ఈ పని మొత్తానికి మునెమ్మ పెద్ద. నలభై దాటిన మనిషి, పక్క పల్లె. బెల్టు మీద చేరే ప్రతి ఆడమనిషి గాజులు తీసిందా, తలకు టోపీ పెట్టిందా అని చూసేది. చూసీ చూడనట్టు వదిలే మనిషి కాదు. సీజను లేని నెలల్లో వాళ్ళ ఊరి బడిలో మధ్యాహ్న భోజనం వండేది. సీజను నెలల్లో ఆ పని ఆమె తోడికోడలు చూసేది. ఈ రెండు సంపాదనలతోనే ఇల్లు గడిచేది. భర్తకు నడుము దెబ్బ తగిలి పనికి పోవడం మానేసి చాలా కాలమైంది.

ఆ ఏడు కాయకు ధర లేదు. పంట విరగకాసింది, ఫ్యాక్టరీలు కొనడం తగ్గించాయి. ట్రాక్టర్లు రోడ్డు పొడవునా నిలబడిపోయాయి. రైతులు టోకెను పట్టుకుని ట్రాక్టరు కిందే పడుకునేవాళ్ళు. ఎండకు కాయ వడలిపోతుంటే ఎవరికి మాత్రం మనసు స్థిమితంగా ఉంటుంది? అలా వచ్చినవాళ్ళలో రెడ్డెప్ప అనే రైతు ఒకడు. అతని లోడులో గాలికి రాలిన కాయ ఎక్కువగా ఉందని ర్యాంపు దగ్గర సగానికి పైగా వెనక్కి ఇచ్చారు. అది న్యాయమే. కానీ రోజుల తరబడి ఎండలో కాచుకున్న మనిషికి ఆ న్యాయం రుచించదు.

రెడ్డెప్ప మంచినీళ్ళ కోసం వెనక పెరటి వైపు వెళ్ళాడు. అక్కడ మునెమ్మ కిందపడిన కుళ్ళుకాయలను వంగి ఏరి బుట్టలో వేసుకుంటోంది. వెనక ఫ్యాక్టరీ బోర్డు, తెరిచిన తలుపు. అతను ఫోను తీసి వీడియో పట్టాడు. "మన కాయ వద్దంటారు, వీళ్ళు ఏరుకునేది సూడండప్పా" అని రాసి మామిడి రైతుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

మర్నాటికి అది తిరుపతిలో ఫోన్లలో చూసే వార్తల చానల్ నడిపే ఒక మనిషి చేతికి వెళ్ళింది. అతను దాన్ని కుదించి, వెనక తన మాటలు పెట్టి, మీ పిల్లలు తాగే మామిడి రసం ఈ కుళ్ళుకాయలతోనే తయారవుతోందని చెప్పి వదిలాడు. చివర్లో మునెమ్మ మొహాన్ని ఆపి పెద్దది చేసి చూపించాడు. మా బంధువుల గ్రూపులోకీ వచ్చింది. మా వీధిలో ఇస్త్రీ చేసే అతను కూడా చూశాడు. నేను ఏ ఫ్యాక్టరీలో పనిచేస్తానో ఎరిగినవాళ్ళు కూడా నన్ను ఒక్క మాట అడక్కుండా దాన్ని ఇంకొకరికి పంపారు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు మండుతుంది.

గుజ్జు కొనే కంపెనీ సరుకు నిలిపెయ్యమంది. ఆహార భద్రతా అధికారి వచ్చాడు. పద్ధతి ప్రకారం మా ఎదుటే డ్రమ్ముల నుంచి నమూనాలు తీసి, భాగాలు చేసి, సీలు వేసి పరీక్షకు పంపాడు. ఫలితం వచ్చేదాకా ఓనరు కాయ దింపుడు ఆపేశాడు. రోడ్డు మీద ట్రాక్టర్లలో కాయ కుళ్ళి రసం కారింది. ఆ వాసన ఊరంతా కొట్టింది.

ఓనరంటే ఫ్యాక్టరీ పెట్టిన ఆయన కొడుకు, నాకన్నా చాలా చిన్నవాడు. నన్ను గదిలోకి పిలిచి ఒక కాగితం ముందు పెట్టాడు. మునెమ్మ పరిశుభ్రత నియమాలు ఉల్లంఘించినందున ఉద్యోగంలోంచి తీసేశామని అందులో ఉంది. కింద క్వాలిటీ మేనేజరు సంతకం కావాలి.

ఆమె చేసింది నియమం ప్రకారమేనని, ఆ నియమం రాసింది నేనేనని చెప్పాను.

"కొనేవాళ్ళకు ఏదో ఒకటి చెప్పాల కదా సార్" అన్నాడు. "ఒక మనిషి పోతే ఫ్యాక్టరీ నిలబడతాది. మీకు తెలీనిదా?"

సంతకం చెయ్యనని చెప్పి లేచి వచ్చాను. నా సంతకం లేకపోతే ఆగుతుందనుకున్నాను. ఆగలేదు. సిబ్బంది వ్యవహారాలు చూసే అతను చేశాడు. సాయంత్రానికి మునెమ్మను గేటు బయటికి పంపేశారు.

కొన్నాళ్ళకు నమూనా ఫలితం వచ్చింది. ఏ దోషమూ లేదు. గేటు తెరిచారు. ఆ కాగితాన్ని ఫోటో తీసి, ముందు ఆ వీడియో వచ్చిన గ్రూపులన్నిటిలో పెట్టాను. ఎవరూ ఎవరికీ పంపలేదు. ఒకాయన దండం బొమ్మ పెట్టాడు, అంతే.

అదే వారంలో ఇంకో సంగతి గమనించాను. ఆ వీడియో ఇంకా తిరుగుతోంది, కానీ వెనక ఉన్న ఫ్యాక్టరీ బోర్డు కనబడకుండా మసక పూశారు. వెనక మాటల్లో కూడా ఊరి పేరు తీసేశారు. మునెమ్మ మొహం మాత్రం ముందులాగే పెద్దదిగా, స్పష్టంగా ఉంది. అకౌంట్స్ చూసే అతన్ని గట్టిగా అడిగితే, ప్రకటనల ఖర్చు కింద ఆ చానల్ మనిషికి డబ్బు ఇచ్చినట్టు ఒప్పుకున్నాడు.

నేను నేరుగా ఓనరు దగ్గరికి వెళ్ళాను. బోర్డుకు మసక పూయించినవాడివి ఆమె మొహానికి ఎందుకు పూయించలేదని అడిగాను. అప్పటిదాకా ఆయన్ను 'మీరు' అనే అనేవాణ్ణి. ఆ పూట అనలేదు.

అతను కోపం కూడా తెచ్చుకోలేదు. "అది తట్టలేదు సార్" అన్నాడు. "మన వరకు అయిపోయింది కదా, మళ్ళీ తవ్వద్దండి."

తట్టలేదు. పన్నెండు సీజన్లు అతని బెల్టు దగ్గర నిలబడిన మనిషి అతనికి తట్టలేదు.

ఆ ఆదివారం మునెమ్మ ఇంటికి వెళ్ళాను. బయట అరుగు మీద చింతపండు గింజ తీస్తూ కూర్చుని ఉంది. లేచి కుర్చీ వేసింది గానీ నా మొహం వైపు చూడలేదు.

"నా ఫోన్లో నేనే సూసుకున్నా సార్" అంది. "పదిసార్లు సూసినా. సూడంగా సూడంగా నాకే నామింద అసయ్యమేసింది. ఆ బుట్ట యాడికి పోతాదో నాకు తెలుసు గదా. అయినా అసయ్యమేసింది."

బడి సంగతి అప్పుడు చెప్పింది. పిల్లలకు ఆమె చేత్తో వండటానికి వీల్లేదని తల్లులు హెడ్మాస్టరు దగ్గర గొడవ చేశారట. పొదుపు సంఘంలో అప్పు కంతు ఆ నెల కట్టలేదు. ఆమె తరపున మిగతా ఆడవాళ్ళు కట్టి, ఎదురుపడినప్పుడల్లా ఒక మాట అంటున్నారు. పక్క ఫ్యాక్టరీకి పోతే అక్కడి మేస్త్రీ గుర్తుపట్టి వెనక్కి పంపాడు.

ఆ మర్నాడు ఆమెను వెంటబెట్టుకుని తిరుపతిలో ఆ చానల్ మనిషి దగ్గరికి వెళ్ళాను. ఒక సెల్‌ఫోన్ల దుకాణం పైన చిన్న గది. ముప్పై ఏళ్ళు కూడా లేనివాడు. మంచినీళ్ళు ఇచ్చి మర్యాదగా కూర్చోబెట్టాడు. పరీక్ష ఫలితం చూపించి వీడియో తీసెయ్యమన్నాను. జనం ఎక్కువగా చూసిన వీడియోను తీసేస్తే తన చానల్ దెబ్బతింటుందని చెప్పాడు.

మునెమ్మ అడిగింది. "తియ్యొద్దులేప్పా. ఆ బోర్డుకు పూసినావే, అట్ల నా మొగానికీ పుయ్యి. అంతే నేనడిగేది."

"దానికి వాళ్ళు కట్టినారమ్మా" అన్నాడు.

మాట అన్నాక అతనికీ ఇబ్బందిగా తోచినట్టుంది. వెంటనే ఇంకో సాయం చేస్తానన్నాడు. "నీ బాధ కూడా ఒక వీడియో చేద్దాం. ఈడనే కూర్చుని జరిగిందంతా చెప్పు. కొంచెం ఏడస్తా చెప్తే బాగా పోతాది. జనం నీ పక్కకు వచ్చేస్తారు."

మునెమ్మ లేచి నిలబడింది. "నేను ఏడ్సను" అంది. కొంగు సర్దుకుని మెట్లు దిగింది.

ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగంలో ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. ఆ గదిలో ఎత్తాను. కొట్టలేదు. అతను ఫోను అందుకోవడం చూసి దింపాను. నేను కొడితే అది కూడా అతనికి ఒక వీడియో అయ్యేది.

రెడ్డెప్ప నా అంతట నేను వెతికితే దొరికినవాడు కాదు. గేటు తెరిచాక ఇంకో లోడు తెచ్చి, నా దగ్గరికి తనే వచ్చాడు.

"ఆ వీడియో పట్టింది నేనే సార్" అన్నాడు.

వరసలో ఉన్న ట్రాక్టర్లవాళ్ళందరూ వినేట్టు తిట్టాను. నీ కాయ కుళ్ళింది, నీ పక్కవాడి కాయ కుళ్ళింది, ఒక మనిషి బతుకు రోడ్డున పడింది, ఇదంతా నువ్వు చేసిందేనన్నాను. తలవంచుకుని విన్నాడు.

"నా కోపం ఫ్యాక్టరీ మింద సార్, ఆయమ్మ మింద కాదు" అన్నాడు చివరికి. "పంపినాక గ్రూపులో అందరూ శభాషన్నారు. అప్పుడు బాగనే ఉండె. ఇప్పుడు అన్నం సయించడం లేదు. నేను పెట్టింది అంత చిన్నది గాదు సార్. ఆయమ్మ కాయలన్నీ ఏరి ట్రాలీలో పోసేదీ, ట్రాలీ చెత్తకుంట కాడికి పొయ్యేదీ కూడా ఉండాది. వాడు కోసేసినాడు."

ఫోను తీసి చూపించాడు. నిజమే. మునెమ్మ బుట్ట ఎత్తి ట్రాలీలో బోర్లించి, అడుగున అంటుకున్నది కూడా దులిపి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళడం అంతా ఉంది. ఆ మిగతా ముక్క చూసుంటే ఎవరికైనా సంగతి తెలిసేది. రెడ్డెప్పకు కూడా తెలిసుండాల్సింది. తీసేటప్పుడు అతని కోపం అతన్ని చూడనివ్వలేదు.

ఇది నాకు చూపిస్తే ఉపయోగం లేదు, మునెమ్మ ఊరి బడి దగ్గర చూపించమన్నాను. అతను వెనకాడాడు. జనం కొడతారన్నాడు. కొడితే కొట్టించుకో అన్నాను. ఆ మాటకు నాకు ఇప్పటికీ విచారం లేదు.

హెడ్మాస్టరు తల్లిదండ్రులను పిలిచాడు. బడి వరండాలో సమావేశం. మునెమ్మ ఒక స్తంభం పక్కన నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. రెడ్డెప్ప లేచి, తీసింది తనేనని చెప్పి, పూర్తి వీడియో ఉన్న ఫోనును మనిషి నుంచి మనిషికి చూపిస్తూ వెళ్ళాడు. బుట్ట ఎటు నుంచి ఎటు పోతుందో నేను వివరించాను. నా దగ్గరున్న పరీక్ష కాగితాన్ని ఎవరూ అడగలేదు.

ఒక తల్లి రెడ్డెప్పను నిలదీసింది. "ఇన్ని దినాలు ఏం జేస్తాంటివి నువ్వు? ఆయమ్మ నీళ్ళకొస్తే మేం బిందెలు పక్కకు తీసుకుంటాంటిమి. అప్పుడు యాడుండావు?"

ఆ ప్రశ్నలో తన వంతు కూడా ఉందని ఆ తల్లికి తెలిసిందో లేదో నాకు తెలియదు. తరవాత ఒక ముసలాయన, వంటకు ఆయమ్మనే రమ్మనమని హెడ్మాస్టరుకు చెప్పాడు. ఎవరూ కాదనలేదు.

బయటికి వచ్చాక రెడ్డెప్ప మునెమ్మకు దండం పెట్టాడు.

"వచ్చి చెప్పినావు, సరే" అంది ఆమె. "నేను మరిసిపోయినానని మాత్రం అనుకోవద్దు" అని తోడికోడలితో కలిసి ఇంటిదారి పట్టింది.

ఆగస్టు నుంచి ఆమె మళ్ళీ బడిలో వండుతోంది. ఫ్యాక్టరీ పనికి మాత్రం పోలేదు. నేను పిలిపించినా రానంది. ఆమె మీద రాసిన కాగితాన్ని రద్దు చెయ్యమని ఓనరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. జవాబు రాలేదు. రైతులకు ఇబ్బంది లేకుండా సీజను ముగిసేదాకా ఉండి, పని ఇంకొకరికి అప్పగించి, గడువుకన్నా ముందే ఉద్యోగం మానేశాను. వీడ్కోలు సభ పెడతామన్నారు. వద్దన్నాను.

ఆ వీడియో ఇప్పటికీ ఉంది. ప్రతి వేసవిలో మామిడి కాయలు రాగానే ఎవరో ఒకరు మళ్ళీ పంపుతారు. నాకు వచ్చినప్పుడల్లా పంపినవాళ్ళకు ఫోను చేసి జరిగింది చెబుతాను. కొందరు వింటారు. కొందరు విసుక్కుంటారు. విసుక్కున్నవాళ్ళతో మాటలు మానేశాను, బంధువులైనా సరే.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇది. గుజ్జు మీద నింద పడితే నమూనా తీస్తారు, సీలు వేస్తారు, నిర్దోషి అని కాగితం ఇస్తారు. మనిషి మీద పడితే ఆ ఏర్పాటేదీ లేదు. నింద వేసినవాడే ఆమెను ఎరిగినవాళ్ళ ముందు నిలబడి చెప్పాలి, చెప్పేట్టు ఎవరో ఒకరు అతన్ని లాక్కుపోవాలి. మునెమ్మ విషయంలో ఆ పని ఒక్క ఊరి వరకే జరిగింది. మిగతా ఊళ్ళలో ఆమె ఇప్పటికీ కుళ్ళుకాయలు ఏరుకునే ఆడమనిషే.