అయ్యగారి జుబ్బాకు జేబు

దాదాపీర్ బ్లేడు మొనతో జేబు కుట్లు విప్పుతున్నాడు. ఒక్కో పోగూ తెగుతుంటే మనసు కాస్త కుదుటపడుతోంది.

సంపూర్ణమ్మగారు చెప్పింది పొడవు తగ్గించమని మాత్రమే. ఆ ఖద్దరు జుబ్బా ఆమె భర్త పరంధామయ్యగారిది. ఆయన పోయి ఏడాదవుతోంది. వాళ్ల జీపు డ్రైవరు ఆమోసుకు ఇద్దామని, దిద్దించడానికి తెచ్చారు. ఆమోసు పొట్టివాడు.

డెబ్భై రెండులో ఎమ్మెల్యేగా గెలిచిన కొత్తలో పరంధామయ్యగారు పటమటలోని ఈ కొట్టుకే వచ్చి, జేబు లేని జుబ్బా కుట్టమన్నారు.

"జేబుంటే ఎవడో ఒకడు కవరు దోపి పోతాడు. రేపు నేనే వచ్చి అడిగినా కుట్టకు. మాటేనా?"

దాదాపీర్ ఆయన చేతిలో చెయ్యి వేశాడు. ఆ తర్వాత ఆయన బట్టలన్నీ అతనే కుట్టాడు, చివరి ఏడాది తప్ప. ఆ ఏడాది గవర్నరుపేట దర్జీ మాణిక్యం కుడుతున్నాడని తెలిసి, ఆ వీధిలో సైకిలు తొక్కడమే మానేశాడు. మాణిక్యం కాజాలు వదులు. మెడ పట్టీ వంకర. అలాంటి చేతికి అయ్యగారు కొలతలిచ్చారు! పైగా గుండె మీద జేబు.

"దాన్నెవరు విప్పమన్నారయ్యా?"

గుమ్మంలో సంపూర్ణమ్మగారు, వెనక ఆమోసు.

"అయ్యగారి జుబ్బాకి జేబేంటండీ? ఆ మాణిక్యం తెలీక కుట్టుంటాడు."

"గుండె మాత్రలకి ఆయనే పెట్టించుకున్నారు."

"నాకు చెబితే నేను కుట్టనాండీ?"

"కుడతావు. నీ చేత మాట తప్పించడం ఇష్టంలేకే అటు వెళ్లారు."

"అవును భాయ్," అన్నాడు ఆమోసు. "నీ కొట్టు దాటేదాకా జీపులో తలొంచుకుని, 'తొందరగా పోనీరా' అనేవోరు."

దాదాపీర్ బ్లేడు కింద పెట్టాడు. తన మాట కాపాడారు, సరే. కానీ చివరిదాకా ఆయన గుండెకు ఆనుకున్న కుట్టు మాణిక్యానిది.

"జేబు ఉంచనా, తీసెయ్యనా అండీ?"

"ఉంచు. వీడికి పనికొస్తుంది."

"బీడీలకి," అన్నాడు ఆమోసు.

దాదాపీర్ అతన్ని కొరకొరా చూసి, జేబుకు మిగిలిన కుట్లూ విప్పి, తడిగుడ్డతో రుద్ది, గోటితో గీరి, మాణిక్యం సూది చేసిన రంధ్రాలు పూడ్చాడు. జేబును దగ్గర దగ్గర కుట్లతో మళ్లీ వేసి, మూలల్లో రెండుసార్లు తిప్పాడు. పొడవు తగ్గించి అంచు మడిచాడు. ఎవరూ అడక్కుండానే మెడ పట్టీ విప్పి సరిచేశాడు, కాజాలు బిగించాడు. ఇస్త్రీ చేసి, వెలుతురులో తిప్పి చూశాడు. కంటికి కనిపించే చోట మాణిక్యం కుట్టు ఒక్కటీ లేదు.

అప్పుడు మడతపెట్టి ఆమోసు చేతికి ఇచ్చాడు.