ఎదురెదురు తలుపులు

మా అమ్మకు చెవులు వినపడవు. పుట్టుకతో కాదు. మేము బతకడానికి వలసొచ్చిన ఉధ్నాలో సాంచాల పక్కన కూర్చుని ఏళ్ళ తరబడి కండెలు చుట్టడం వల్ల పోయాయి. మరమగ్గాన్ని మావాళ్ళు సాంచా అంటారు. ఆ మోతలో మాట వినపడదు కాబట్టి మగ్గాల షెడ్డులో అందరూ చేతులతో, పెదవులతోనే మాట్లాడుకుంటారు. షిఫ్టు అయిపోయాక మిగతావాళ్ళు నోరు తెరిచేవారు. అమ్మా, ఎదురింటి అత్తా మాత్రం ఇంటికొచ్చాక కూడా చేతులతోనే మాట్లాడుకునేవారు. అత్తంటే చుట్టమేం కాదు. షెడ్డులో అమ్మకు పక్క పీట, గల్లీలో ఎదురు గుమ్మం. ఆమె చెవులూ అలాగే పోయాయి.

ఈ గడపలో అమ్మ చిక్కుడుకాయలు ఒలుస్తూ, ఆ గడపలో అత్త బియ్యం ఏరుతూ గంటల కొద్దీ మాట్లాడుకునేవారు. మధ్యలో స్కూటరు అడ్డొస్తే ఆగి, అది పోగానే మళ్ళీ అందుకునేవారు. చప్పుడు లేకుండా కడుపుబ్బ నవ్వేవారు. తిట్టుకునేవారు కూడా. ఒకసారి అలిగి అత్త కళ్ళు మూసేసుకుంది. ఇక అమ్మ ఎంత మాట్లాడితే ఏం లాభం? గల్లీ దాటి వెళ్ళి ఆమె రెప్పలు వేళ్ళతో విప్పి మరీ తిట్టొచ్చింది.

నేను చదువుకుని చేరిన పనికి సరైన పేరు మా గల్లీలో ఎవరికీ దొరకలేదు. మనుషులు ఇళ్ళల్లో, వీధుల్లో ఎలా మసలుతారో పరిశోధించేవాళ్ళు ఒకవైపు, ఇళ్ళు గీసే ఆర్కిటెక్టులు మరోవైపు. వీళ్ళ సంగతి వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పడం నా ఉద్యోగం. పరిశోధకులు నన్ను మేస్త్రీలా చూస్తారు, ఆర్కిటెక్టులు పంతులమ్మలా చూస్తారు. "మా బిడ్డ మంది యాడ కూసుంటరో, ఎట్ల కూసుంటరో సూస్తది. దానికి జీతం గూడ ఇస్తరు" అని అమ్మ అందరికీ చెప్పి నవ్వించేది.

చివరికి ఆ పని మా గల్లీకే వచ్చింది. పాత ఇళ్ళు పడగొట్టి అక్కడే అంతస్తుల ఇళ్ళు కడతారన్నారు. ఆర్కిటెక్టు పెద్దాయన, గుజరాతీ. ఆయన గీసిన నక్షాలో ఏ తలుపూ మరో తలుపుకు ఎదురుగా లేదు. "ఒకరి ఇల్లు ఒకరికి కనపడకూడదు బెన్, అదే మర్యాద" అన్నాడు, చెల్లెలికి చెప్పినట్టు. నాకు ఒళ్ళు మండింది. కనపడకపోతే వీళ్ళు మూగవాళ్ళైపోతారండీ అని అరిచాను. మర్నాడే ఆయన్ని తీసుకొచ్చి మా గడపలో కూర్చోబెట్టాను. మంచి మనిషి, చాయ్ తాగుతూ సాయంత్రమంతా చూశాడు. అమ్మా అత్తా అంతసేపూ ఆయన పొట్ట గురించే మాట్లాడుకున్నారని నేను చెప్పలేదు. వెళ్ళేటప్పుడు నా వైపు చూడకుండా, "మళ్ళీ గీస్తాను" అన్నాడు. గీశాడు. ఎదురెదురు తలుపులు, మధ్యలో వెడల్పాటి వరండా, ప్రతి గుమ్మం ముందు కూర్చోవడానికి అరుగు. ఆ రోజు నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఎదురెదురువాళ్ళకు మళ్ళీ ఎదురెదురు ఇళ్ళే ఇవ్వాలని కూడా అడిగాను. గల్లీవాళ్ళు ఒప్పుకుంటే మాకేం అభ్యంతరం లేదన్నారు ఆఫీసువాళ్ళు. అందరినీ పిలిచి మీటింగు పెట్టారు.

అక్కడొకాయన లేచాడు. "బిడ్డ ఆఫీసుల ఉన్నోళ్ళకు ఏం రంది? మంచి ఇండ్లు ఆళ్ళకే పోతయ్. మాకు డ్రా గావాలె" అన్నాడు. మావాళ్ళకు డ్రా అంటే దేవుడి మాటే. గల్లీలో నడిచే చీరల చిట్టీకి కూడా బిందెలో చీటీలు వేసి చంటిపిల్ల చేత తీయించేవారు. ఆ చీటీని ఎవరూ కాదనరు, ఎవరినీ అనుమానించరు.

అమ్మ ఆయన పెదవులు చూసింది. లేచి నిలబడింది. తన గొంతు తనకు వినపడదు కాబట్టి గట్టిగా అరిచినట్టే ఉంటుంది ఆమె మాట. "నా బిడ్డ మీద మాట రావద్దు. డ్రానే తియ్యున్రి. అందరికి ఎట్లనో మాకు గట్లనే!" పక్కనే అత్త కూడా చెయ్యెత్తింది. నేను దూరం నుంచి చేతులతో బతిమాలాను, వద్దమ్మా, కూర్చో, నీకు తెలీదు అని. అమ్మ నన్ను ఒకసారి చూసి కళ్ళు మూసుకుంది.

అమ్మకు మొదటి బిల్డింగులో కింది ఇల్లు వచ్చింది. అత్తకు చిట్టచివరి బిల్డింగులో నాలుగో అంతస్తు.

లిఫ్టు పనిచేసిన రోజు అమ్మ వెళ్ళేది. అత్త మోకాళ్ళు దిగనిచ్చేవి కావు. ఇద్దరికీ వీడియో ఫోన్లు కొనిచ్చాను. ఒక చేత్తో ఫోను పట్టుకుంటే మాట్లాడటానికి ఒక్క చెయ్యే మిగులుతుంది. డబ్బాకు ఆనించి పెట్టినా, ముఖం కనపడితే చేతులు కనపడవు, చేతులు కనపడితే ముఖం కనపడదు. అమ్మ ఫోను నాకే తిరిగి ఇచ్చేసింది. అమ్మకు ఎదురింట్లో రాత్రి షిఫ్టుకు పోయే కుర్రాళ్ళు అద్దెకు దిగారు. పగలంతా తలుపు వేసుకుని నిద్రపోతారు, పాపం. మూసిన తలుపు ముందు ఎంతసేపని కూర్చుంటుంది? అమ్మ కూడా తలుపు వేసుకోవడం నేర్చుకుంది.

వానాకాలంలో ఓ పొద్దున్నే అత్త పోయింది. కబురు తెచ్చినామె, అమ్మ చెవుల సంగతి తెలియక, తలుపు కొట్టి కొట్టి, ఎవరూ లేరనుకుని వెళ్ళిపోయింది. నాకు ఫోను వచ్చేసరికి నేను ఊరికి ఆ చివర వరాఛాలో ఉన్నాను. రోడ్ల మీద నీళ్ళు. నేను చేరేసరికి తీసుకెళ్ళిపోయారు. నా దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసి లోపలికి వెళితే అమ్మ మెంతికూర తుంచుతోంది. సగం అత్తకు పంపిద్దామని విడిగా పెట్టింది.

షెడ్డు భాషలో చావుకు సైగ లేదు. ముక్కుపుడక చూపించాను, అది అత్త. తర్వాత రెండు వేళ్ళు కలిపి విడదీశాను, దారం తెగిందని.

"మొకం గూడ సూడకపోతి గదనే," అంది అమ్మ. నేను ఏడుస్తుంటే నా తల నిమిరి, "నువ్వెందుకు ఏడుస్తవ్? నీ మీదైతే మాట రాలే గద" అంది. అయ్యో, నా మీద వెయ్యి మాటలు రానిచ్చినా బాగుండేది కదమ్మా!

ఇప్పుడు ఆ వరండాలు చూడటానికి విద్యార్థులు వస్తుంటారు. మొన్న వచ్చిన ఒక అమ్మాయి ఫొటోలు తీసుకుంటూ ఆగిపోయింది. అమ్మ మళ్ళీ తలుపు తీసి కూర్చుంటోంది ఈమధ్య. ఎదురుగా మూసి ఉన్న తలుపు వైపు చూస్తూ చేతులు కదుపుతోంది.

"ఆంటీ ఏమంటున్నారు మేడమ్?"

"తిన్నావా అని అడుగుతోంది."

"ఎవరిని?"

వెళ్ళి ఎదురు అరుగు మీద, ఆ మూసిన తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాను. తిన్నానని చేతులతో చెప్పాను. అమ్మ కాసేపు నా చేతులు చూసి, కొంచెం పక్కకు జరగమని సైగ చేసింది.