సమ్మక్క రంగు

నెల్లికుదురు బస్టాండు పక్కన రేకుల షెడ్డులో ముప్పై ఐదేళ్లుగా బొమ్మలు వేస్తున్న అక్తర్‌కు తన చేతి మీద నమ్మకం కాస్త ఎక్కువే. ఫ్లెక్సీలు వచ్చి దుకాణాల బోర్డులన్నీ ఎగరేసుకుపోయినా ఒక్క పని మాత్రం అతడికే మిగిలింది. చనిపోయినవాళ్లది ఆధార్ కార్డు మీది గోరంత ఫొటో తప్ప ఇంకేమీ లేకపోతే దాన్ని పెద్దది చేయడం మిషన్ల వల్ల కాదు. పెంచినకొద్దీ ముఖం అలుక్కుపోతుంది. అప్పుడు ఎంతటివాళ్లయినా తన షెడ్డు వెతుక్కుంటూ రావలసిందేనని అతడు టీ తాగిన ప్రతి చోటా చెప్పుకునేవాడు.

పని నేర్పిన ముత్తయ్యది జనగామ. ముందు గీత, తర్వాత ఆకారం, ఆపైన వెలుగునీడ, అన్నిటికన్నా చివర రంగు అని ఆయన వరస. ఫొటో మీద గళ్లు గీసి, గడికి గడి కొలిచి దించితే ముక్కు ముక్కులా వచ్చి తీరుతుందనేవాడు. దాంతోపాటు ఇంకో సంగతి కూడా నేర్పాడు. పోయినవాళ్ల ముఖం ఒక ఛాయ తెల్లగా వేస్తే ఇంట్లోవాళ్లు సంతోషిస్తారట. అక్తర్ ఒక ఛాయతో ఆగే మనిషా? తెలుపు, పసుపు, చిటికెడు ఎరుపు కలిపి డబ్బా నిండా ఎప్పుడూ సిద్ధంగా ఉంచుకునేవాడు. ఆడా మగా, ముసలీ ముతకా, ఎవరు పోయినా అదే డబ్బా.

మిరప రైతు పోశాలు తన భార్య సమ్మక్క సంవత్సరీకానికి బొమ్మ కావాలని ఆమె ఆధార్ కార్డు తెచ్చిచ్చాడు. ఇంట్లో ఆమెది ఇంకో ఫొటో లేదు. వారంలో బొమ్మ పూర్తయింది. తీసుకుపోవడానికి కూతురు రజనిని వెంటబెట్టుకుని వచ్చిన పోశాలు చూసి, మంచిగొచ్చిందని కళ్లు తుడుచుకున్నాడు. రజని మాత్రం తల్లి బొమ్మకు దగ్గరగా వెళ్లి, వెనక్కి జరిగి, మళ్లీ దగ్గరగా వెళ్లి చూసింది. మెచ్చుకోలు వస్తుందని అక్తర్ నవ్వుముఖంతో నిలబడ్డాడు.

“కండ్లు మా అవ్వయే. మూతి గూడ మా అవ్వదే. గని రంగు మా అవ్వది గాదు చాచా,” అంది రజని. కోపంగా అనలేదు. “మా అవ్వ నల్లగుంటది. గట్లుంటే గోడకు పెట్టొద్దా?”

“అందరికి గిట్లనే వేస్త బిడ్డా,” అన్నాడు అక్తర్. అన్నాక ఆ మాట తన చెవులకే ఎబ్బెట్టుగా వినిపించింది. నర్మెట్ట నుంచి బయ్యారం దాకా ఎన్ని ఇళ్లలో, పుట్టు నలుపుతో పుట్టి ఎండలో కూలికి పోయి బతికినవాళ్లు తన చేతిలో తెల్లబడి గోడలెక్కారో తలుచుకుంటే తల కొట్టేసినట్టయింది. వాళ్ల పిల్లలకూ తెలిసే ఉంటుంది. పెద్దమనిషితో ఎందుకులే అని ఊరుకుని ఉంటారు. మార్చి ఇస్తానని చెప్పి బొమ్మ ఉంచుకున్నాడు.

మార్చడం చేతకాలేదు. అసలు సిగ్గు అక్కడ మొదలైంది. ముదురు గోధుమ రంగును ఇన్నేళ్లలో అతడు రాక్షసుల బొమ్మలకే వాడాడు. ఇప్పుడు సమ్మక్క ముఖానికి వేస్తే మసి పూసినట్టుంది. నల్లని చెంప మీద వెలుతురు ఎక్కడ నిలుస్తుంది, దాని కింద నీడ ఏ రంగులో ఉంటుంది, తెలియదు. తనదీ, తనను కన్న హాజిరా బీదీ ఆ రంగే. అయినా ఆ రంగును ఎప్పుడూ పరికించి చూడలేదు. రెండు రోజులు పూసి గీకి, పూసి గీకి, చివరికి పోశాలుకు ఫోన్ చేశాడు. తల్లి రంగే కూతురిది కాబట్టి రజనిని ఒక పూట తన ముందు కూర్చోబెట్టమని బతిమాలాడు.

రజని పొద్దున్నే వచ్చింది. ముఖం నిండా మందంగా పౌడరు. బొమ్మకు కూర్చోవాలంటే ఎవరైనా తయారయ్యే వస్తారు కదా. అక్తర్ కుంచె పక్కన పెట్టి ఆమె ముఖం వైపు చూశాడు. కడుక్కొమ్మని ఎట్లా చెప్పడం? ఈ పిల్ల పెరిగిన ఊళ్లో గోడల మీది ముఖాలన్నీ తెల్లగా వేసింది తనే.

అతడి చూపు చూసి రజనికే అర్థమైంది. ఫొటో అంటే పౌడరు పూసుకోవడం అలవాటైందని గొణిగి, బయట డ్రమ్ములో నీళ్లతో ముఖం కడుక్కుని వచ్చి కుర్చీలో కూర్చుంది. బస్సు దిగినవాళ్లు షెడ్డులోకి తొంగి చూస్తూ పోతున్నారు. ఆమె చున్నీతో చెంపలు తుడుచుకుని తల దించుకుంది.

“తప్పు నీది గాదు బిడ్డా, నాది,” అన్నాడు అక్తర్.

ఆమె తల ఎత్తలేదు. ఎత్తితే గాని ముఖం మీద వెలుతురు పడదు. ఎత్తమని అడగకుండా, తొంగి చూసేవాళ్లకు అడ్డంగా అతడు తన పీట జరుపుకుని కూర్చున్నాడు.