తనకు తానే సంతకం పెట్టుకున్న సర్టిఫికెట్

నాకు మొదటినుంచీ అనుమానం ఎక్కువ. గడియ వేసిన తలుపునే మళ్లీ ఒకసారి లాగి చూస్తాను. అందుకే మా చీనీ, అదే బత్తాయి తోటకు రావాల్సిన నీళ్లు వారంలో మూడోసారి పక్క తోటకు పోయేసరికి, నా చూపు నేరుగా నీళ్లు వదిలే ఆయన మీదికే పోయింది.

తనకల్లు దగ్గర మా ఆరు కుటుంబాలకూ కలిపి ఒకటే బోరు. షెడ్డులో ఒక కంట్రోలర్ పెట్టె ఉంది. ఎవరి వంతు ఎప్పుడో అందులో పెడితే, టైము ప్రకారం అదే వాల్వులు తిప్పుతుంది. సెల్లులో దాని పేజీ తెరిచి వంతులు మార్చొచ్చు. కదిరిలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ని కాబట్టి ఆ పెట్టె బిగించింది నేనే. పాస్‌వర్డ్ నాకూ, అందులో వంతులు పెట్టి నీళ్లు వదిలే ఆయనకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకు సెంటు భూమి లేదు, ఈ పనితోనే ఇల్లు గడుస్తుంది. అది తెలిసీ మిగతా రైతులతో, "ఆయనే తిప్పుతాండాడు, మాన్పిద్దాం" అన్నాను.

పిలిచి అడిగితే, "నేను ముట్టుకోలేదప్పా" అని ఊరుకున్నాడు. ఎక్కువ మాట్లాడకపోవడం కూడా నాకు దొంగ లక్షణంలాగే కనపడింది. మరుసటి రోజునుంచి రావద్దన్నాం.

అంతటితో నా మనసు కుదుటపడలేదు. పాస్‌వర్డ్ మార్చాను. కానీ పాత పేజీలో కొట్టే పాస్‌వర్డ్‌ను అదే వైఫైలో ఉన్నవాళ్లు ఎవరైనా పట్టేయొచ్చు. అది మూసేసి, ఎవరూ మధ్యలో చదవలేని https పెడదామనుకున్నాను. దానికి, ఆ పేజీ నిజంగా మా పెట్టెదేనని చెప్పే సర్టిఫికెట్ కావాలి. పెట్టెలోనే ఒక బటన్ నొక్కి తయారు చేయించాను. రైతులందరి ముందు సెల్లులో పేజీ తెరిస్తే, నమ్మొద్దంటూ ఎర్రటి హెచ్చరిక వచ్చింది.

"ఎవరిచ్చినారప్పా దీన్ని?" అన్నాడు పక్క తోట పెద్దాయన.

"పెట్టెకు పెట్టే ఇచ్చుకుండాది. సంతకం గూడా దానిదే."

"తాసిల్దారు సంతకం లేకుంటే నా కులం సర్టిఫికెట్టే ఎవురూ నమ్మరు. ఇదెట్ల చెల్లుతాది?"

అందరూ నవ్వారు. ఇలాంటి వాటికి ఆ హెచ్చరిక మామూలేనని, చూడకుండా ముందుకు పోవచ్చని చెప్పాను. చెప్పానే గానీ నేను మాత్రం వివరాలు తెరిచాను. సంతకం సంగతి కాక ఇంకో ఫిర్యాదు కూడా ఉంది. పావుగంట కిందట పుట్టిన సర్టిఫికెట్‌కు గడువు ఎన్నో ఏళ్ల కిందటే తీరిపోయిందట.

పెట్టెలో తేదీ చూశాను. కంపెనీలో తయారైననాటి తేదీ, సర్టిఫికెట్ గడువు అక్కణ్నుంచే లెక్కేసింది. గడియారం బ్యాటరీ చచ్చిపోయింది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ అది ఆ పాత రోజుకే, ఆ పాత గంటకే వెనక్కి పోతోంది. వాల్వులు ఆ తప్పుడు టైము చూసుకునే తిరుగుతున్నాయి. నీళ్లు ఎవరూ మళ్లించలేదు. అంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

ఆ సాయంత్రమే ఆయన ఇంటికి పోయి జరిగింది చెప్పాను. తప్పు నాదే అన్నాను.

"బ్యాటరీ మార్చుకోండప్పా, సరిపోతాది" అన్నాడు.

"రేపట్నుంచి రా అన్నా. అందరూ రమ్మంటాండారు."

"వద్దులేప్పా. ఈసారి గడియారం చెడింది, నీకు కనపడింది. ఇంగోసారి ఏం చెడినా ముందు నా దిక్కే గదా చూస్తావు?"

చూడనని చెప్పబోయాను. కానీ నా సంగతి నాకు తెలుసు.